వెనకనుంచి గీసిన బొమ్మ

దుమ్ముగూడెం నుంచి పర్ణశాల వైపు పోతుంటే ఒకచోట రోడ్డు పక్కకి తిరిగిపోతుంది. కాలవ మాత్రం తిరగదు, నేరుగా చెట్లలోకి పోతుంది. అక్కడున్నాయి పాత లాకులు. లాకుల పక్కన ఒక బంగ్లా. బంగ్లా అంటే ఏదో ఊహించుకునేరు — కప్పు సగం కూలి, కిటికీలు ఎవరో పీక్కుపోగా మిగిలిన గోడలు, ముందొక వరండా, వరండా దిగితే నీళ్ళలోకి రాతిమెట్లు. అంతే. పడవలు తిరిగిన రోజుల్లో లాకులు తీసి మూసే మనిషి అందులో ఉండేవాడట. పడవలు పోయాయి, ఆ మనిషీ పోయాడు… ఇంకేదో మిగిలిందని ఊళ్ళో మాట.

ఏం మిగిలిందో మాత్రం ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. లాకు మనిషి పెళ్ళామని ఒకరంటారు. కాదు, పర్ణశాల చూడ్డానికొచ్చి మునిగిపోయిన యాత్రికురాలని ఇంకొకరంటారు. అందరూ ఒప్పుకునేది ఒక్కటే — పొద్దుగూకాక అటు పోతే మెట్ల మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. నీళ్ళ వైపు తిరిగి ఉంటుంది. మొహం చూశామన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

పగటిపూట ఇదంతా నవ్వులాట. బడి పంతుళ్ళయితే మూఢనమ్మకాల మీద గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలరు. ఆ పంతుళ్ళే సాయంత్రమయితే సైకిళ్ళు కాలవగట్టు మీద పోనివ్వకుండా చుట్టూ తిప్పుకుని పోతారు. ఎందుకు సారూ ఈ చుట్టుదారి అంటే, టైర్లకి మంచిదంటారు.

అలాంటి ఊళ్ళో ఆ యేడు డిసెంబరులో కామిక్స్ పండుగ పెట్టారు. రెండువేల ఆరో సంవత్సరం. సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ అక్కడికి సిగ్నల్ రాని రోజులు.

యువజన సంఘం కుర్రాళ్ళకి పుట్టిన ఆలోచన అది. హైస్కూలు గ్రౌండులో వెదురు గుంజలు పాతి, గుంజకీ గుంజకీ నడుమ తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మల కథలు వేలాడదీశారు. పేజీ తర్వాత పేజీ చదువుకుంటూ తాడు వెంట నడవాలి. పిల్లలు మెడలు పైకెత్తి నోళ్ళు తెరుచుకుని నడుస్తుంటే వెనకవాళ్ళు వాళ్ళ మీద పడుతుండేవాళ్ళు. చుట్టుపక్కల బళ్ళన్నీ వచ్చాయి. ఖమ్మం నుంచి ఒక ఆర్ట్ కాలేజీ వచ్చింది — ఒక కిరాయి జీపు, ఒక సారు, కొందరు పిల్లలు, అందరికీ చాలినంత పొగరు.

సంఘం వాళ్ళిచ్చిన విషయం ‘మా ఊరి దెయ్యం’. దెయ్యాన్ని బొమ్మల్లో పెట్టి నవ్వేస్తే భయం పోతుందని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. దెయ్యాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

కాలేజీ తరఫున కథ గీసింది హెప్సిబా. కొత్తగూడెం పిల్ల. తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఆదివారం చర్చిలో ముందువరస కుటుంబం వాళ్ళది. దెయ్యాల మీద హెప్సిబాకి పాస్టరు గారు నేర్పిన అభిప్రాయమే ఉంది — అవి ఉంటాయి గానీ మన జోలికి రావు. బిడ్డ పేరు తాడు మీద చూసుకోవాలని తండ్రి షిఫ్టు మార్చుకుని మర్నాడు బస్సెక్కి వస్తున్నాడు.

ఆమె గది నేస్తం ఫ్లోరెన్స్‌ది తల్లాడ. మెడలో సిలువ, మాటలో ముల్లు. ఇద్దరూ హాస్టల్లో ఒకే డబ్బాలో తిన్నారు, నల్లులు కుడితే ఒకే మంచం మీద ముడుచుకుని పడుకున్నారు. కాలేజీలో ఎవరు మనిషి బొమ్మ గీయాలన్నా మోడల్‌గా ఫ్లోరెన్స్‌నే నిలబెట్టేవాళ్ళు. నిలబడిందంటే నిలబడిందే. మొహం మీద ఈగ వాలినా కదలదు. గీసేవాళ్ళు ‘చాలు’ అనేదాకా మోడల్ కదలకూడదు, తల తిప్పి చూడకూడదు — అది అక్కడి కట్టుబాటు. ఆ కట్టుబాటు ఆమెకి పట్టినంతగా ఇంకెవరికీ పట్టలేదు. అదొక గర్వం ఆ పిల్లకి.

అంత స్నేహం ఒక్క మధ్యాహ్నంతో పాడయింది.

పండుగ మొదటిరోజు, తాడు మీద వేలాడుతున్న హెప్సిబా పేజీల ముందు వెంకటరామారావు సారు ఆగిపోయాడు. బొమ్మలు నేర్పే సారు ఆయనే, కోపానికీ ఆయనే. దెయ్యం మొహం ఉన్న గడి దగ్గర కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

“ఈ మొహం ఎక్కడో చూసినట్టుందే.”

“నేనే గీసిన సార్,” అంది హెప్సిబా.

ఆయన ఆమె వైపు చూడలేదు. ఫ్లోరెన్స్ వైపు తిరిగాడు. “ఒక్క గదిలోనే ఉంటరు గదా. నిజమేనా?”

ఫ్లోరెన్స్ చూపు నేలకి దించింది. తర్వాత చెప్పేసింది. “వారపత్రికలో బొమ్మ మీద పల్చటి కాయితం పెట్టి దించింది సార్.”

సారు క్లిప్పులు ఒక్కొక్కటే ఊడబీకాడు. బడి పిల్లలు, సంఘం కుర్రాళ్ళు, టీ కొట్టు మనిషి — అందరూ చూస్తుండగా పేజీలన్నీ చుట్టచుట్టి హెప్సిబా చేతిలో పెట్టాడు. ఆమెకి ఆ క్షణాన భూమి చీలిపోతే బాగుండనిపించింది. ఇంకా మంట ఏమిటంటే, ఫ్లోరెన్స్ చెప్పింది నిజం. అబద్ధమయితే ఏడ్చి గోలపెట్టొచ్చు. నిజానికి ఏం చేస్తాం?

“రేపు పొద్దున ఈ తాడు మీద నీ పేరుండాల్నంటే ఇయ్యాల ఒక పేజీ గీసుకురా,” అన్నాడు సారు. “కళ్ళెదుట మనిషిని నిలబెట్టి గియ్యి. నిజం చెప్పింది గదా, ఆమెనే నిలబెట్టుకో. చీకటి పడకముందే ఇద్దరూ ఇక్కడుండాలె.”

అలా బయల్దేరారు ఇద్దరూ. హెప్సిబా చంకలో డ్రాయింగ్ బోర్డు, ఫ్లోరెన్స్ భుజాన హాస్టల్ తెల్లదుప్పటి. బడి గేటు దగ్గర వాచ్‌మన్ గురవయ్య ఆపాడు.

“ఏడికి బిడ్డా?”

“లాకుల కాడికి తాతా. బొమ్మ గీసుకొస్తం.”

“ఏం బొమ్మ?”

“అక్కడ నిలబడుతదంట గదా… దాన్నే.”

గురవయ్య తంబాకు ఉమ్మేశాడు. “దాని మానాన దాన్ని ఉండనియ్యరా మీరు? పండుగలు చేసుకోండ్రి, పాటలు పెట్టుకోండ్రి, దానితోని మీకేం పని?” అని, వాళ్ళు దాటిపోతుంటే వెనకనుంచి అరిచాడు. “పొద్దుండంగనే రాండ్రి. ఎతుకుతానికి నేనైతే రాను!”

కాలవగట్టు మీద ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచారు.  రెండేళ్ళ స్నేహితులు మాట్లాడుకోకుండా నడిస్తే ఎంత దగ్గరి దారయినా తరగదు. బంగ్లా దగ్గరికి వచ్చేసరికి ఎండ చెట్ల కొనలకి ఎక్కింది.

ఫ్లోరెన్స్ చెప్పులు వరండాలో విడిచి, దుప్పటిని చీరలా చుట్టుకుని, మెట్లు దిగి నీళ్ళకి కాస్త పైన నిలబడింది.

“ఎటు తిరగాలె?”

“అటు. నీళ్ళ దిక్కు.”

“మొహం గియ్యవా?”

“నీ మొహం నాకొద్దు.”

ఫ్లోరెన్స్ నవ్వింది. “మంచిదే. మొహాలకైతే నీకు వారపత్రిక కావాలె.”

హెప్సిబా బొగ్గుపుల్ల తీసింది. గీయడం మొదలుపెట్టింది.

కోపం చేతిలోకి దిగితే గీత వణకదు. ఆ సాయంత్రం ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు. భుజాల వంపు, మెడ మీద జారిన జుట్టు, నడుం దగ్గర దుప్పటి మడతలు, మెట్ల మీద పాకిన నాచు — ఏది కావాలంటే అది కాగితం మీదకి వచ్చి కూర్చుంది. ఇంతకాలం ఎక్కడుందో ఈ చెయ్యి అనుకుంది. ఎండ పోయింది. నీళ్ళ మీదనుంచి చలి లేచింది.

“సలి పెడుతుందే,” అంది ఫ్లోరెన్స్, తల తిప్పకుండా. “అయిపోయిందా?”

బొమ్మ అప్పటికే అయిపోయింది.

“ఇంకా లేదు,” అంది హెప్సిబా. “కదలకు.”

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. కాసేపు నిలబడనీ అనుకుంది. తనని గ్రౌండు నడుమ అందరూ చూస్తుండగా నిలబెట్టింది కదా, ఈమె కూడా కాసేపు చలిలో నిలబడనీ. ఆ వీపు వైపు చూసింది. కదలని వీపు. నమ్మకంగా నిలబడిన వీపు. దాన్ని చూస్తుంటే జాలి పుట్టాల్సింది పోయి ఇంకా ఒళ్ళు మండింది.

బొగ్గుపుల్లలు చప్పుడు కాకుండా డబ్బాలో పెట్టింది. తన చెప్పులు చేత్తో పట్టుకుంది. బోర్డు చంకన పెట్టి, గడ్డి మీద అడుగులేసుకుంటూ గట్టెక్కింది. అక్కణ్ణుంచి వెనక్కి చూడకుండా నడిచింది.

‘చాలు’ అనలేదు.

గ్రౌండులో దీపాలు పెట్టారు. మైకులో ఎవరో పిల్లవాడు పాట పాడుతున్నాడు. వెలుగు, జనం, మిరపకాయ బజ్జీల వాసన. హెప్సిబా తరగతి గదిలో ట్యూబులైటు కింద బెంచీ మీద కూర్చుని బొగ్గుగీతల మీద నల్లసిరా దిద్దడం మొదలుపెట్టింది. దిద్దుతూనే మనసులో తిట్లు తయారు చేసుకుంటోంది. ఇంకాసేపట్లో ఫ్లోరెన్స్ వచ్చి గుమ్మంలో నిలబడి అరుస్తుంది. అరిస్తే ఏమనాలో, తను ఎంతవరకు అరవాలో అన్నీ సిద్ధం చేసుకుంది.

ఫ్లోరెన్స్ రాలేదు.

సారు వచ్చాడు. బెంచీ మీదకి వంగి చాలాసేపు చూశాడు. “ఈ వీపు చూడు… ఎంత సేపటినుంచి ఎదురుచూస్తుందో తెలుస్తుంది. ఇది కాపీ కాదు. ఇది నీ చెయ్యి.” ఆయన నోట అంత మంచిమాట కాలేజీలో ఎవరూ వినలేదు. “ఫ్లోరెన్స్‌ని పిలువు. ఆమె కూడా చూడాలె.”

“బాత్రూంకి పోయింది సార్,” అంది హెప్సిబా.

భోజనాలు పెట్టారు. విస్తరాకుల్లో వేడి సాంబారన్నం. పక్కన ఒక విస్తరి ఖాళీగా ఉంది. హెప్సిబా ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేకపోయింది. కాలు జారి ఉంటే? మెట్ల మీద నాచుంది, తానే గీసింది ఆ నాచుని. ఆ పిల్లకి ఈత రాదు. తాడు మీద పేరు, తండ్రి రావడం, సారు మెచ్చుకోలు… అన్నీ ఒక్కసారిగా ఎందుకూ పనికిరానివైపోయాయి. ఫ్లోరెన్స్ క్షేమంగా తిరిగొస్తే చాలు, చెంప మీద కొట్టినా సరే అనిపించింది.

లేచి గేటు దగ్గరికి పోయింది.

“తాతా… టార్చి ఇయ్యవా?”

గురవయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. “ఇద్దరు పోయిన్రు. ఒక్కదానివే వచ్చినవ్. నేను చూసిన.”

ఆమె తల వంచుకుంది.

“నేను రానని ముందే చెప్పిన,” అన్నాడు ముసలాయన. “ఇడిసిపెట్టింది నువ్వు. తెచ్చుకునేది నువ్వే.” టార్చి మాత్రం ఇచ్చాడు. “నేలకేసి పట్టుకో. పైకి లేపినవంటే అడవిల ఉన్న అన్నలు అడుగుతరు, ఊళ్ళ ఉన్న పోలీసోళ్ళు అడుగుతరు… ఎవరికి జవాబు చెప్తవ్?”

గట్టు మీద మంచు దిగింది. టార్చి వెలుగు పాదాల ముందు ఒక చిన్న గుండ్రం, అంతే. గుండ్రం బయట ఏముందో తెలియదు. నీళ్ళలో ఏదో దూకింది — కప్ప కావచ్చు. చెట్లలో ఏదో కదిలింది — కుక్క కావచ్చు. హెప్సిబా పెదవుల మీద ప్రార్థన మొదలయింది గానీ సగంలో తప్పిపోయింది. చిన్నప్పటినుంచి వచ్చిన ప్రార్థన, మొదటి మాట కూడా గుర్తుకు రాలేదు.

బంగ్లా వచ్చింది.

వరండాలో ఏదో పిట్ట అరిచింది. అటు వెలుగు వేయబుద్ధి కాలేదు. నేరుగా మెట్ల పైకి వచ్చి టార్చి కిందికి వేసింది…

ఫ్లోరెన్స్ నిలబడే ఉంది.

అదే మెట్టు. అటే తిరిగి. తెల్లదుప్పటి, మెడ మీద జారిన జుట్టు. దుప్పటి అంచు నీళ్ళలో తడిసి నల్లగా కనబడుతోంది. హెప్సిబా గుండె మళ్ళీ కొట్టుకుంది. బతికుంది! మరుక్షణమే ఇంకోలా అనిపించింది — ఇంత చలిలో, ఇంత చీకట్లో, ఇంతసేపు… ఎంత పంతమయితే మాత్రం ఇలా నిలబడుతుందా మనిషి?

“ఫ్లోరా,” అంది మెల్లగా. “పోదాం పా.”

జవాబు లేదు.

“ఫ్లోరా… కోపమొచ్చిందా?”

కదలలేదు. అప్పుడర్థమయింది హెప్సిబాకి. తను అనాల్సిన మాట తను అనలేదు. ఆ మాట అనేదాకా ఈ పిల్ల కదలదు. అంత మొండిది.

“చాలు,” అంది.

మెట్ల మీద భుజాలు మెల్లగా దిగాయి. ఎంతోకాలంగా బిగబట్టుకున్న భుజాలు దిగినట్టు దిగాయి. ఆ వంపు చూసి హెప్సిబాకి సిగ్గుతో కళ్ళు నిండాయి. ఇప్పుడు ఆ మొహం ఇటు తిరిగితే చూసే ధైర్యం తనకి లేదు. గబుక్కున వెనక్కి తిరిగి, “నా ఎనక రా. చూసుకుంట రా, జారుతది,” అని ముందు నడిచింది.

వెనక చప్పుడు మొదలయింది. తడిగుడ్డ నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. చెప్పులు వేసుకున్నట్టు లేదు. అడుగుల చప్పుడు లేదు, గుడ్డ చప్పుడొక్కటే… సర్… సర్… అని.

కొంతదూరం పోయాక టార్చి ఎర్రబడి ఆరిపోయింది. ఇంకా మంచిదే అయింది. చీకట్లో మాట్లాడటం సులువు.

“నువ్వు నిజమే చెప్పినవే,” అంది హెప్సిబా, ముందుకే చూస్తూ. “ఆ మొహం నేను దించిందే. నాకు మొహాలు రావు. ఆ సంగతి నీకొక్కదానికే తెలుసు. తెలిసినదానివి సార్ ముందట అన్నవని మండింది.”

సర్… సర్…

“నువ్వు సలి అన్నప్పుడు బొమ్మ అయిపోయే ఉండె. కావాల్ననే కదలకు అన్న. కావాల్ననే ఇడిసిపెట్టి పోయిన. అక్కడ కూసోని అన్నం కలుపుకున్ననే… నువ్వు ఈడ నిలబడి ఉన్నవని తెలిసి!”

ఏడుపు తన్నుకొచ్చింది. వెనక ఎక్కడో దూరంగా మళ్ళీ పిట్ట అరిచింది. మంచులో ఆ అరుపు ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. అది అరిచినప్పుడల్లా గుడ్డ చప్పుడు ఒక్క క్షణం ఆగుతోంది. ఆగి, మళ్ళీ వస్తోంది. కాళ్ళు నొప్పిపుట్టి ఆగుతోందేమో అనుకుంది హెప్సిబా. ఆమె కూడా ఆగి, తిరక్కుండానే అడిగింది.

“నన్ను మాఫ్ చెయ్యవే. ఇంకెప్పుడూ గట్ల చెయ్యను. మాఫ్ చేసినవా?”

గుడ్డ చప్పుడు కూడా ఆగింది. మెడ వెనక చల్లగాలి తగిలింది.

“ఊఁ.”

అంతే. చిన్నగా, గొంతులోనే. ఆ ఒక్క ‘ఊఁ’తో హెప్సిబా గుండె మీది బరువంతా దిగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. దూరంగా మైకు వినబడింది. బడి దీపాలు కనబడ్డాయి. ఇంక నడవలేదు, దాదాపు పరుగెత్తింది. గేటు దగ్గర గురవయ్య నిలబడే ఉన్నాడు. రానన్నాడు గానీ కదల్లేదు పాపం అక్కణ్ణుంచి.

“దొరికిందా?”

“ఎనకనే వస్తుంది తాతా,” అని తిరిగింది.

ఎవరూ లేరు. దీపం వెలుగు పడినంతమేరా గట్టు ఖాళీగా ఉంది. అవతల మంచు.

గురవయ్య ఆమె వైపు చూశాడు. ఆమె గట్టు వైపు చూసింది. ఇద్దరూ అలా ఉండగానే మంచులోంచి ఒక మనిషి బయటికి వచ్చింది. కుంటుతోంది. చెప్పులు చేతిలో ఉన్నాయి. తెల్లదుప్పటి శాలువాలా భుజాల చుట్టూ గట్టిగా చుట్టుకుని ఉంది. మోకాలి దగ్గర చుడీదారు చిరిగింది.

“హమ్మయ్య! ఇంతలోనే గంత ఎనకబడ్డవేందే?” అని నవ్వబోయింది హెప్సిబా.

ఫ్లోరెన్స్ దగ్గరికి వచ్చి లాగి ఒక్కటి కొట్టింది. చెంప చెళ్ళుమంది.

“ఎన్నిసార్లు పిలిచిన్నే! గొంతు పోయింది నాకు. ఒక్కసారన్న తిరిగి చూసినవా?”

“పిలుసుడేంది… నా ఎనకనే ఉన్నవ్ గదా? అంతసేపు మాట్లాడుకుంట వచ్చిన గదా నీతోని?”

“నాతోనా?”

ఫ్లోరెన్స్ మొహంలో కోపం ఆగిపోయింది. ఇంకేదో వచ్చింది ఆ చోటికి. గట్టు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“నువ్వు పోయినవని నాకు జల్దీనే తెలిసింది. మెట్లెక్కుతుంటే కాలు మెలిపడ్డది. వరండాల కూసున్న. వస్తవు లే అనుకున్న… నువ్వు రాకుండ ఉండవని తెలుసు నాకు. టార్చి కనబడ్డది. హెప్సీ అని పిలిచిన. నువ్వు నా దిక్కే చూడలే. నేరుగ మెట్ల కాడికి పోయినవ్.”

“ఆడ నువ్వే గదా…”

“నేను వరండాలో ఉన్ననే! మెట్ల మీద ఎవరితోనో మాట్లాడినవ్. ఊరామెను తోడు తెచ్చుకున్నవేమో అనుకున్న. నువ్వు ముందట, ఆమె నీ ఎనక, మీ ఇద్దరి ఎనక నేను కుంటుకుంట వచ్చిన. ఆమెను దాటి రాబుద్ధి కాలే నాకు. పిలుస్తనే ఉన్న. పిలిచినప్పుడల్లా…” ఫ్లోరెన్స్ దుప్పటిని మెడదాకా లాక్కుంది. “నువ్వు తిరగలే. అది తిరిగింది.”

“మొహం… చూసినవా?”

ఫ్లోరెన్స్ కళ్ళు గట్టు వైపే ఉన్నాయి. మళ్ళీ అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

“ఏం లేదు, ఏం లేదు,” అన్నాడు గురవయ్య తొందరగా. “లాకు తిప్పే ఇనప చక్రం ఉంటది ఆడ. మంచు పట్టిందంటే తెల్లగ మనిషి లెక్కనే కనబడతది. అందరు గట్లనే జడుసుకుంటరు.” చక్రం నడిచి వస్తుందా తాతా అని ఎవరూ అడగలేదు. ఆయన ఆ మాట అంటూనే ఇద్దర్నీ లోపలికి నెట్టి గేటు మూసి, ఎప్పుడూ వేయని గొళ్ళెం వేశాడు. వేసి, సారుని పిలవడానికి గబగబా లోపలికి పోయాడు.

ఇద్దరే మిగిలారు. హెప్సిబా గేటు ఊచలకి చేరగిలబడింది. భయానికే అయితే బాగుండు. దారి పొడుగునా తను చెప్పుకున్నదంతా… కాగితం మీద మొహం దించిన సంగతి, కావాలని విడిచిపోయిన సంగతి, అన్నం కలుపుకున్న సంగతి — ఒక్క ముక్క కూడా ఫ్లోరెన్స్ వినలేదు. మాఫ్ చేసింది ఫ్లోరెన్స్ కాదు.

“దానితోని గంతసేపు మాట్లాడినవ్,” అంది ఫ్లోరెన్స్. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం మెత్తబడలేదు. “నాతోని చెప్పేదేం లేదా నీకు?”

ఉంది. హెప్సిబా ఊచలకి అలా ఆనుకునే ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చేతులు వెచ్చగా ఉన్నాయి, మనిషి చేతులే. మొదటిసారి ఆ మొహం వైపు నేరుగా చూసింది. ఈసారి ఎవరికి చెబుతోందో తెలిసే చెప్పింది.

“తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యవే, ఫ్లోరా…”

ఫ్లోరెన్స్ పెదవులు విడిపడలేదు. చూస్తూనే ఉంది.

గేటు అవతల, హెప్సిబా వీపుకి దగ్గరగా, చీకట్లోంచి జవాబు వచ్చింది.

“ఊఁ.”